నరహత్యయందు తారతమ్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు జరిగిన ఉపన్యాస పాఠము)



ఒక మనిషి చేతిలో మఱియొక మనిషి మరణించెనన్న వార్త ఊరిలో పుట్టినపుడు లోకులు సాధారణముగ రెండు మాటలే పలుకుదురు. చచ్చినవాని బంధువులు ఉరి వేయవలసినదే యందురు. చంపినవాని బంధువులు చంపవలెనని కొట్టలేదు, కర్మవశమున జరిగినది యందురు. ధర్మాసనమున కూర్చుండు న్యాయాధిపతికి ఈ రెండు మాటలును చాలవు. ప్రాణము పోవుట అన్ని హత్యలయందును సమానమే. అయినను శాసనము ఒకనికి కొన్ని యేండ్ల చెఱను, ఒకనికి యావజ్జీవ కారాగారమును, వేఱొకనికి మరణదండనను విధించుచున్నది. ఫలము ఒక్కటే యైనపుడు శిక్షలు వేఱగుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము న్యాయవాదులకే గాక, ఏనాడో ఒకనాడు సాక్షి బోను ఎక్కవలసివచ్చు ప్రతి గ్రామస్థునకును తెలిసియుండుట మేలు.

ఈ విచారము క్రొత్తది కాదు. కురుక్షేత్రమున పదునెనిమిది దినములు లెక్కకు మిక్కిలిగ వీరులు కూలిరి. వారిని కూల్చినవారిలో పెక్కుమందిని లోకము హంతకులని పిలువలేదు. కాని చివరి రాత్రి అశ్వత్థామ పాండవ శిబిరమున జొచ్చి, నిద్రించుచున్న ధృష్టద్యుమ్నుని, ద్రౌపది కుమారులేవురను సంహరించినపుడు ఆ పని మాయని మచ్చగ నిలిచిపోయినది. చేయవలదని మేనమామ కృపాచార్యుడు ముందుగనే వారించెను, అతడు వినలేదు. తిక్కన సోమయాజి తెనిగించిన సౌప్తిక పర్వమును చదివినవారికి ఇందలి భేదము స్పష్టము. అది ఆయుధమున లేదు, చచ్చినవారి సంఖ్యలోను లేదు. తన్ను తాను కాచుకొనజాలని వానిని, యోచించి, చీకటి మాటున చంపుటయందే యున్నది.

నేరము వెనుకనున్న ఉద్దేశమును, దేశకాలములను, నేరస్థుని శక్తిని, అపరాధము యొక్క బరువును చక్కగ నెఱిగి పిమ్మటనే దండింపవలెనని మనువు కూడ చెప్పియున్నాడు. అయితే ఆ స్మృతియందే వర్ణమునుబట్టి శిక్షను తగ్గించుటయు హెచ్చించుటయు గలదు. శాసనము ముందు అందఱును సమానులేయని చెప్పు నేటి రాజ్యాంగము ఆ రెండవ పద్ధతిని తోసివేసినది. మనసును తూచుట నిలిచినది; జన్మను తూచుట పోయినది.

మన దేశమున ఈ విషయమునకు మూలము 1860లో శాసనమై, 1862 జనవరి 1వ తేదీనుండి అమలు జరిగిన భారత శిక్షాస్మృతి. 2024 జూలై 1వ తేదీనుండి దాని స్థానమున భారతీయ న్యాయ సంహిత వచ్చినది. ఆ తేదీకి పూర్వము జరిగిన నేరములకు మాత్రము ప్రాత స్మృతియే వర్తించును. హత్యకు చెప్పిన నిర్వచనము ఇంచుమించు మారలేదు గాని సెక్షనుల సంఖ్యలు మారినవి. జనుల నోట నానిన 302వ సెక్షను నేడు 103వది. 304వది నేడు 105వది. హత్యకు నిర్వచనము చెప్పు 300వది నేడు 101వది.

ఈ శాసనమును ఒక నిచ్చెనగ భావించినచో సులభముగ బోధపడును. క్రింది మెట్టున, తగిన జాగ్రత్తతో చేయుచున్న సక్రమమైన పనిలో దైవవశమున జరిగిన మరణము ఉండును. అది నేరమే కాదు. దానిపైన అజాగ్రత్తవలన కలిగిన మరణము. దానికి 106వ సెక్షను క్రింద సామాన్యముగ 5 సంవత్సరముల వఱకు చెఱ. ఆ పైన, హత్య యనిపించుకొనని దండనార్హ నరహత్య. ఇందు రెండు అంతరములు గలవు. చంపవలెనని గాని, చావు తెచ్చునంతటి గాయము చేయవలెనని గాని ఉద్దేశముండినచో యావజ్జీవము, లేదా 5 మొదలు 10 సంవత్సరముల చెఱ. అట్టి ఉద్దేశము లేక, చావు కలుగవచ్చునన్న ఎఱుక మాత్రమే యుండినచో 10 సంవత్సరముల వఱకు చెఱ. దానిపై మెట్టు హత్య. దానికి యావజ్జీవము గాని మరణదండన గాని తప్పదు. హత్యలలోనే మిక్కిలి బరువైనవి కొన్ని యున్నవి. అవి పై మెట్టు.

ఒక దృష్టాంతము. తూము దగ్గఱ నీటి వంతు విషయమై ఇరువురు రైతులకు మాట పెరిగి కలహము పుట్టినది. ఒకడు చేతనున్న పారతో ఒక్క దెబ్బ కొట్టినాడు, రెండవవాడు మరణించినాడు. ముందు యోచన లేదు; ఆయుధము వెదకి తెచ్చుకొన్నది కాదు; పడినవానిని మఱల కొట్టలేదు. ఆకస్మిక కలహమున, ఆవేశమున, అనుచితమైన అవకాశము తీసికొనక, క్రూరముగ ప్రవర్తింపక చేసిన పనికి శాసనము ఒక మినహాయింపు నిచ్చినది. అది నరహత్యయే గాని హత్య కాకపోవచ్చును. అదే రైతు ఆ మాటలను మనసున పెట్టుకొని ఇంటికి పోయి, భోజనము చేసి, గొడ్డలి నూరుకొని, అర్ధరాత్రి చేని గట్టున పొంచియుండి కొట్టెననుకొనుడు. తగవు అదే, తూము అదే, మరణము అదే. కాని యిది హత్య. రెంటికిని నడుమ నున్నది ఆలోచించుకొనుటకు దొరకిన వ్యవధి. ఆ వ్యవధిలో మనసు చేసికొన్న నిశ్చయము.

ఈ వ్యవధి యెంత విలువైనదో నానావతి కేసు తెలుపుచున్నది. 1959 ఏప్రిల్ 27వ తేదీన బొంబాయిలో నౌకాదళాధికారి యగు నానావతి, తన భార్యకు మఱియొకనితో సంబంధమున్నదని ఆమె నోటనే వినెను. పిమ్మట ఆమెను, పిల్లలను సినిమాహాలు వద్ద దింపి, ఓడకు పోయి రివాల్వరును తీసికొని, ఆ మనుష్యుని యింటికి పోగా అచట అతడు మరణించెను. తీవ్రమును ఆకస్మికమును అగు ఉద్రేకమున జరిగినదన్న వాదము సుప్రీము కోర్టు వఱకు పోయినది. 1961లో తీర్పు వ్రాసినవారు రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు. ఉద్రేకమునకు కారణము తీవ్రమైనదే కావచ్చును. కాని ఇల్లు విడిచిన వేళకును మరణము సంభవించిన వేళకును నడుమ మూడు గంటల కాలము గడచినది. మనసు తిరిగి నిలదొక్కుకొనుటకు అది చాలునని వారు నిర్ణయించిరి. హత్యానేరము స్థిరపడినది. కోపము వచ్చుట శాసనమునకు తెలియనిది కాదు. చల్లారుటకు కాలము దొరకిన పిమ్మట కూడ ఆ కోపమును చేతబట్టి నడచినవానికి మినహాయింపు లేదు.

పల్లెలలో తఱచుగ వినవచ్చు మఱియొక మాట గలదు: "కాళ్ళమీద చేతులమీద కొట్టితిమే గాని తలమీద కొట్టలేదు, కావున హత్య కాదు." ఈ మాటకు సమాధానము గుంటూరు జిల్లా రొంపిచర్ల గ్రామ కక్షలలో పుట్టిన ఒక కేసునందు దొరకినది. వృద్ధుడగు ఒక గ్రామస్థుని దుడ్డుకఱ్ఱలతో విడువక కొట్టిరి. 19 గాయములు, ఎముకలు విరిగినవి, మర్మస్థానమున మాత్రము దెబ్బ లేదు. ఆ మనుష్యుడు మఱునాడు మరణించెను. సెషన్సు కోర్టు హత్య యనగా, హైకోర్టు దానిని 304వ సెక్షను రెండవ భాగమునకు దింపినది. 1976లో సుప్రీము కోర్టు దానిని తిరిగి హత్యయే యని తీర్చినది. ఏలయన, ఒక్కొక్క దెబ్బ ప్రాణాంతకము కాకున్నను, అన్నియు కలిసి ప్రకృతి సహజముగ చావునకు చాలియున్నవి. ఆ దెబ్బలు పొరపాటున తగిలినవి కావు, బుద్ధిపూర్వకముగ కొట్టినవి. ఇట్టి గాయములను చేయుటకే ఉద్దేశించినవాడు, చావును ఉద్దేశింపలేదన్నంత మాత్రమున తప్పించుకొనజాలడు. దండనార్హ నరహత్యకు మన స్మృతి యందు మూడు అంతరములున్నవని ఆ తీర్పు విడదీసి చెప్పుటచేత, దేశమందంతటను న్యాయవాదులు నేటికిని దానిని ఉదాహరింతురు.

ఇక పై మెట్టు. హత్యలలో గురుతరమైన దానిని వేఱు చేయుటకు దేశదేశములు వేర్వేఱు దారులు త్రొక్కినవి. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రము 1794లోనే హత్యను మొదటి తరగతి, రెండవ తరగతి యని విభజించి, మొదటి దానికి మాత్రమే మరణదండనను నిలిపినది. ఫ్రాన్సు దేశమున సామాన్య హత్యకు 30 సంవత్సరముల వఱకును, ముందుగ యోచించి చేసిన హత్యకు యావజ్జీవమును శిక్ష. ఇంగ్లండు 1957లో ఒక పట్టిక వ్రాసికొన్నది: దొంగతనము చేయుచు చంపినను, తుపాకితో కాల్చి గాని ప్రేలుడు పదార్థముతో గాని చంపినను, పోలీసువానిని విధినిర్వహణమున చంపినను ఉరి; తక్కిన హత్యలకు సాధారణముగ చెఱ. ఈ పట్టిక తక్కెడవలె కనిపించెను గాని తూకము కుదరలేదు. కోపమున తుపాకి పేల్చినవాడు ఉరికి పాత్రుడయ్యెను. నెలల తరబడి అన్నమున విషము కలిపి చంపినవాడు ఉరికి పాత్రుడు కాకపోయెను. ఎనిమిదేండ్లకే, 1965లో, బ్రిటను హత్యకు ఉరినే తొలగించినది. ఆయుధమునుబట్టి పాపమును కొలువబోయినచో కొలత తప్పునని ఈ చరిత్ర చెప్పుచున్నది.

మన దేశమునను ఇట్టి పట్టిక ఒక్క సెక్షనునందుండెడిది. యావజ్జీవ శిక్షననుభవించుచున్నవాడు హత్య చేసినచో ఉరి తప్ప వేఱు శిక్ష లేదని ప్రాత 303వ సెక్షను చెప్పెడిది. 1983లో మిఠ్ఠూ కేసునందు సుప్రీము కోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము దానిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసినది. ఆ అయిదుగురిలో నొకరగు ఓ. చిన్నప్పరెడ్డిగారు తెలుగువారు, వారు ఏకీభవించుచు ప్రత్యేకముగ తీర్పు వ్రాసిరి. చెఱలో నున్నవాడు చేసిన హత్యకు కూడ కారణములు నానావిధములుగ నుండవచ్చును; వానిని వినకయే, న్యాయాధిపతి చేతులు కట్టివేసి, ఉరి వేయుమని శాసించుట న్యాయము కాదని ఆ తీర్పు సారాంశము. నేటి సంహితయందలి 104వ సెక్షను అట్టివానికి మరణదండనను గాని, బ్రతికినన్నాళ్ళు చెఱను గాని విధించుటకు న్యాయాధిపతికే విచక్షణ నిచ్చినది.

సామాన్యముగ హత్యకు ఉరి యెపుడు వేయవలెనన్న ప్రశ్నకు కూడ మన శాసనము తలక్రిందులైన చరిత్ర గలిగియున్నది. పూర్వము ఉరియే పద్ధతి. ఉరి వేయనిచో న్యాయాధిపతి కారణము వ్రాయవలసియుండెను. 1955 సవరణ ఆ నియమమును తొలగించినది. 1973 నాటి నేర విచారణ స్మృతి దానిని పూర్తిగ త్రిప్పివేసినది: యావజ్జీవము పద్ధతి, ఉరి వేయదలచినచో ప్రత్యేక కారణములు వ్రాయవలెను. 1980లో బచన్‌సింగు కేసునందు సుప్రీము కోర్టు ఉరిశిక్షను రాజ్యాంగ సమ్మతమే యని నిలుపుచు, అత్యంత అరుదైన సందర్భములలో, వేఱు దారి నిస్సందేహముగ మూసికొనిపోయినపుడే వేయవలెనని కట్టడి చేసినది. భగవతిగారు ఒక్కరు భిన్నాభిప్రాయము నిచ్చిరి. 1983లో మచ్ఛీసింగు కేసునందు, చూడవలసిన విషయములు అయిదని చెప్పిరి: చంపిన రీతి, చంపుటకు కారణము, సంఘమునకు కలిగిన కీడు, చచ్చినవారి సంఖ్య, చచ్చినవారు ఎవరన్నది. పసిపిల్లలు, నిస్సహాయులు, వృద్ధులు అయిదవదానిలోనికి వత్తురు. సౌప్తిక పర్వము చదివినవానికి ఇందలి భావము అపరిచితము కాదు.

అయితే నేరము యొక్క క్రౌర్యమును మాత్రమే చూచిన చాలదు. నేరస్థుని వయస్సు, పెరిగిన పరిస్థితులు, మానసిక స్థితి, మారుటకు గల అవకాశము కూడ త్రాసు రెండవ తట్టలో వేయవలెను. 2022లో మనోజు కేసునందు సుప్రీము కోర్టు, ఈ వివరములను ప్రభుత్వము విచారణ దశయందే సేకరించి కోర్టు ముందుంచవలెనని స్పష్టముగ చెప్పినది. గురుతర హత్య యని ముద్రవేసినంతనే ఉరిత్రాడు తనంత తాను దిగిరాదు.

న్యాయ సంహిత క్రొత్తగ చేర్చినది ఒకటి గలదు. 103వ సెక్షను రెండవ ఉపవిభాగము ప్రకారము, అయిదుగురు గాని అంతకు మించి గాని కూడి, జాతి, కులము, సంఘము, లింగము, జన్మస్థానము, భాష, వ్యక్తిగత విశ్వాసము మున్నగు కారణమున హత్య చేసినచో, ఆ గుంపులోని ప్రతివానికిని మరణదండన గాని యావజ్జీవము గాని విధింపవలెను. ఇట్టి హత్య యెట్టిదో ఆంధ్రదేశమునకు ఎవరును నేర్పనక్కఱలేదు. 1985 జూలై 17న కారంచేడు, 1991 ఆగస్టు 6న చుండూరు నేర్పినవి. ఒక్కని ద్వేషము ఒక్కనిని చంపును. గుంపు ద్వేషము చచ్చినవానితోపాటు ఆ పేటలో బ్రతికియున్న ప్రతివానిని భయమున ముంచును. గుంపులో నున్నందున తన చేయి కనబడదని యెంచువానికి ఈ విభాగము సమాధానము.

ఇంతవఱకు చెప్పినదంతయు న్యాయాధిపతి పని. కాని న్యాయాధిపతి ఆ రాత్రి చేని గట్టున లేడు. ఆయుధము చేతనున్నదా, ఇంటినుండి తెచ్చినదా? దెబ్బలు ఎన్ని? ఎక్కడ తగిలినవి? పడినవానిని మఱల కొట్టిరా? తగవునకును దెబ్బకును నడుమ ఎంత ప్రొద్దు గడచినది? నిచ్చెనమీద ఏ మెట్టన్నది ఈ అయిదు ప్రశ్నలలో నున్నది. వీనికి సమాధానము చెప్పవలసినవాడు సాక్షి. చచ్చినవాని పక్షమువారు నేరమును పై మెట్టునకు ఎక్కింపవలెనని, లేని గొడ్డలిని పుట్టింతురు, ఇంట నిద్రించినవాని పేరును చేర్తురు. చంపినవాని పక్షమువారు క్రిందికి దింపవలెనని, ఆఱు దెబ్బలను ఒకటి చేయుదురు, కన్నది కానలేదందురు. ఇరువురును తమవారికి మేలు చేయుచున్నామనియే తలంతురు. కల్పించినవాని అబద్ధము బయటపడిననాడు అతడు చూచిన నిజము కూడ సందేహము పాలగును. దాచినవాని మౌనమువలన ఒక గృహమునకు న్యాయము శాశ్వతముగ దూరమగును.

శూద్రకుని మృచ్ఛకటికమున తొమ్మిదవ అంకము న్యాయసభ. వసంతసేనను గొంతు పిసికి చచ్చినదని విడిచిపోయిన శకారుడే చారుదత్తునిపై ఫిర్యాదు చేయును. న్యాయాధిపతి మంచివాడే. సాక్షులలో ఆమె తల్లి చెప్పినది నిజమే. కావలివాడు బండి విషయమున చెప్పినది అతడు నమ్మినదే. ఆమె నగలు చారుదత్తుని మిత్రుని ఒడినుండి జారిపడుట కూడ నిజమే. ఆ నిజములన్నియు కలిసి నిర్దోషిని వధ్యశిలకు నడిపించినవి. న్యాయాధిపతి దేశబహిష్కారము చాలునని సూచింపగా రాజు వధను శాసించును. చివరి క్షణమున వసంతసేన బ్రతికి వచ్చుటచేత చారుదత్తుడు దక్కెను. నాటకమున ఆమె వచ్చినది. లోకమున ప్రతిమాఱు రాదు. సాక్షులు నిజమే చెప్పినను ఇంత పొరపాటు జరుగవచ్చునన్నచో, బుద్ధిపూర్వకముగ అబద్ధమాడినపుడు జరుగున దేమి?

శాసనము ఈ సంగతిని మఱవలేదు. ఒకనిని మరణశిక్షకు పాత్రమగు నేరమున ఇరికింపవలెనని అబద్ధపు సాక్ష్యము చెప్పినవానికి 230వ సెక్షను క్రింద యావజ్జీవము వఱకు శిక్ష గలదు. ఆ సాక్ష్యమువలన నిర్దోషి ఉరితీయబడినచో, చెప్పినవానికి మరణదండన కూడ విధింపవచ్చును. కఱ్ఱతో చంపినవానిని, మాటతో చంపినవానిని ఒకే వరుసలో నిలుచుండబెట్టునంతటి నిష్కర్ష మన స్మృతియందున్నది. 1860 నాటి స్మృతిలో 194వ సెక్షనుగ నుండిన ఈ నియమమును ఊళ్ళలో తెలిసినవారు మిక్కిలి తక్కువ.

గ్రంథాలయములో భారతమున్నది, పురాణములున్నవి, నాటకములున్నవి. వాని ప్రక్కన భారతీయ న్యాయ సంహిత యొక్క ప్రతి యొకటి చేరుట యుక్తము. సాయంకాలమున ఇచటికి వచ్చు యువకులు 101, 103, 105 సెక్షనులను ఒకమాఱు చదివి, అరుగుమీద తమ పెద్దలకు వినిపించినచో, తగవు పుట్టిన వేళ చేయి ఎత్తువాడు ఒక్క క్షణము నిలువవచ్చును. నిలువకపోయిన దినమున, బోనులో నిలుచువాడు తాను చూచినన్ని దెబ్బలనే, ఒకటి హెచ్చింపక, ఒకటి తగ్గింపక చెప్పవలెను. మరణించినవానికి గ్రామము చెల్లింపగల ఋణము అదియే. బ్రతికియున్న ముద్దాయికి చెల్లింపవలసిన ఋణమును అదియే.